పుట్టుకల కితాబు

మా బాపు వయసు మీద మా ఇంట్లో ఎప్పుడూ అనుమానం లేదు. ఆయనకు యాభై మూడేళ్ళని అమ్మకు తెలుసు, మాకు తెలుసు, ఛత్రినాకలో మా గల్లీ అంతటికీ తెలుసు. తెలియనిదల్లా ఆయన పనిచేసే ఆఫీసుకే. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, దసరా అయిన వారానికి, బాపు చేతికి ఒక కాగితం ఇచ్చారు. వచ్చే మార్చి ఆఖరుకు ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు నిండుతాయనీ, ఆ రోజుతో నౌకరీ అయిపోతుందనీ దాంట్లో రాసి ఉంది.

బాపు కంచన్‌బాగ్ వైపు ఒక కార్ఖానాలో ఫిట్టరు. నైజాం కాలంలో ఒక సర్కారు వర్క్‌షాపులో చేరి, తర్వాత బదిలీ మీద ఇక్కడికి వచ్చాడు. ఆ రోజుల్లో చేరేవాళ్ళ దగ్గర పుట్టిన తేదీ కాగితం లేకపోతే డాక్టరు మనిషిని ఎగాదిగా చూసి ఒక వయసు రాసేవాడు. బాపుకు ఇరవై ఏళ్ళకే గుబురు మీసం, కొలిమి దగ్గర పని చేసి చేసి గట్టిపడిన జబ్బలు. డాక్టరు ఇరవై అయిదని రాశాడు. ఆ రిజిస్టరు ఇంగ్లీషులో ఉంది. బాపు అంతకాలమూ, చూపించిన చోటల్లా, దాని కింద తెలుగులో సంతకం పెడుతూ వచ్చాడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. తమ్ముళ్ళిద్దరూ ఇంకా బడిలో ఉన్నారు. అయిదేళ్ళ నౌకరీ పోవడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ విడమర్చి చెప్పుకోనక్కర లేకపోయింది. బాపు ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళి అడిగాడు. రాతపూర్వకమైన ఆధారం తెమ్మన్నారు. బడి సర్టిఫికెట్ ఉండటానికి ఆయన బడికి పోయింది రెండు వానాకాలాలే. మున్సిపాలిటీలో అడిగితే మా వార్డువి అంత పాత రిజిస్టర్లు లేవు, చెదలు పట్టి పోయాయన్నారు. ఆ మర్నాడు బాపు పెరట్లో అద్దం పెట్టుకుని తన మీసం గొరిగేసుకున్నాడు. చిన్న తమ్ముడు ఆ ముఖం చూసి నవ్వబోయి, ఆయన కళ్ళు చూసి ఊరుకున్నాడు.

మా ఇంట్లో పాత వస్తువంటూ ఏదైనా ఉందంటే మా నాయనమ్మ కితాబు ఒక్కటే. అది దేవుడి పటాల పక్కన ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. మూరెడు పొడుగు, తోలు అట్ట, నాలుగు వేళ్ళ మందం. దసరాకు బాపు తన రెంచీలకూ సుత్తెకూ బొట్లు పెట్టినప్పుడు దానికీ పెట్టేవాడు.

నాయనమ్మ మంత్రసాని. ఛత్రినాక, శాలిబండ, గౌలిపురా గల్లీలలో మూడు తరాల పిల్లలు ఆమె చేతిలోకే పుట్టారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. చిన్నతనంలో ఆసుపత్రిలో పని నేర్పిన డాక్టరమ్మ, ప్రతి కాన్పూ తారీఖుతో సహా రాసి పెట్టాలని చెప్పి ఈ పుస్తకం చేతికిచ్చిందట. తనకు రాయడం రాదు కాబట్టి నాయనమ్మ ఒక ఉపాయం చేసింది. కత్తెర, దారం, సబ్బుతో పాటు కితాబునూ సంచీలో వేసుకుని వెళ్ళేది. బిడ్డ బయటపడి, తల్లి తేరుకున్నాక, ఆ ఇంట్లో చదువుకున్న వాళ్ళెవరో వాళ్ళచేత, వాళ్ళకొచ్చిన భాషలో, ఏ రోజు ఎవరికి ఏం బిడ్డ పుట్టిందో రాయించుకునేది. రాయందే వాళ్ళిచ్చే చీర ముట్టేది కాదని అమ్మ చెప్పేది. అందుకని ఆ కితాబులో ఒక పేజీ ఉర్దూ, ఒక పేజీ తెలుగు, మధ్యలో మరాఠీ, కన్నడం, ఒకచోట అరవం. నల్ల సిరా, నీలం సిరా, పెన్సిలు. నాయనమ్మ నా ఏడో ఏట పోయింది. ఆమె మోకాళ్ళ మీద ఆ కితాబు పెట్టుకుని, చదవలేకపోయినా, పేజీలు తడుముతూ ఇది ఫలానా ఇల్లు, ఇది ఫలానా ఇల్లు అని చెప్పడం నాకు లీలగా గుర్తుంది.

దీపావళి ముందు ఒకరోజు, బాపు డ్యూటీకి పోయాక, అమ్మ ఆ ఎర్రగుడ్డ మూట కిందికి దించింది. చార్మినార్ వెనక గల్లీలో పాత కితాబులు, పాత సామాన్లు కొనే దుకాణం ఉందనీ, నవాబుల ఇళ్ళనుంచి వచ్చిన పుస్తకాలకు మస్తు ధర పలుకుతుందనీ ఆమె ఎవరి దగ్గరో విన్నది. బాపుకు చెప్పకుండా ఇద్దరం వెళ్ళాం.

దుకాణదారు తెల్లగడ్డం మనిషి. కితాబును రెండు చేతులతో మర్యాదగా అందుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, చాలాసేపు పేజీలు తిప్పాడు. ఆయన అట్ట వాసన కూడా చూశాడు. చివరికి మూసి అమ్మ ముందుకు జరిపాడు.

“ఇందుల బంగారు నీళ్ళ రాత లేదు, బొమ్మల తస్వీర్లు లెవ్వు, బాద్షా మొహర్ ముద్ర లేదు. అన్నీ పుట్టిన రోజులమ్మా. ఫలానా ఇంట్ల కొడుకు పుట్టిండు, ఫలానా ఇంట్ల బిడ్డ పుట్టింది. మంది పుట్టిన రోజులు ఎవలు కొంటరు?”

తోలు మాత్రం మంచిదని, అట్టకు ఇరవై రూపాయలు ఇస్తానని, లోపలి కాగితాలు కావాలంటే కిరాణా దుకాణంలో పొట్లాలకు ఇచ్చుకోవచ్చని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. అమ్మ కితాబు తీసుకుని కొంగులో చుట్టింది.

గాజుల దుకాణాల మధ్య నుంచి నడిచి వస్తున్నాం. అమ్మ ముందు, నేను వెనక. దుకాణదారు మాటే నా చెవుల్లో తిరుగుతోంది. మంది పుట్టిన రోజులు ఎవరు కొంటారు? ఉన్నట్టుండి కాళ్ళు ఆగిపోయాయి. మా బాపు ఆఫీసు అడుగుతున్నది అదే కదా. ఒక మనిషి పుట్టిన రోజు, రాతలో.

సాయంత్రం బాపుకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కితాబు అమ్మబోయామంటే ఆయన అమ్మ వైపు ఒక చూపు చూశాడు, అంతే. తర్వాత నా ఆలోచన చెబితే తల అడ్డంగా ఊపాడు.

“అందుల నాది ఉండదు బిడ్డా. మందికి కాన్పులు జేసింది గని, తన కాన్పు తనే రాయించుకుంటదా? తెలుగుల ఉన్నయన్నీ నేను ఎప్పుడో చూసిన.”

ఆయన చెప్పింది నిజమే. తెలుగు పేజీలన్నీ నేనూ మళ్ళీ చూశాను. లేదు. కాని కితాబులో మూడింట రెండు వంతులు ఉర్దూ. అది మా ఇంట్లో ఎవరికీ రాదు. అప్పుడు అమ్మకు శాలిబండలో ఉండే ఉస్తానీమా గుర్తొచ్చింది. ఆమె ఆడపిల్లల ఉర్దూ బడిలో పెద్ద పంతులమ్మ. అసలు పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కారు, చిన్నాపెద్దా అందరికీ ఉస్తానీమాయే. పెళ్ళి చేసుకోలేదు. ఆమె కూడా నాయనమ్మ చేతిలో పుట్టిన మనిషేనని అమ్మ అన్నది.

ఆదివారం పొద్దున కితాబు పట్టుకుని వెళ్ళాను. ఉస్తానీమా సన్నగా, నిటారుగా ఉండే మనిషి. వరండాలో చాప మీద కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. నేను సంగతంతా చెప్పాక కితాబును ఒళ్ళోకి తీసుకుంది. నాయనమ్మ పేరు వినగానే ఆమె ముఖం మారింది.

“ముందుగాల నాది చూస్త బేటీ. తర్వాత మీ బాపుది వెతుకుదాం.”

తను పుట్టిన ఏడాది ఆమెకు తెలుసు కాబట్టి వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పేజీ దొరికింది. నల్లసిరాతో, పూసలు గుచ్చినట్టున్న రాత. ఆమె చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది. వేలు ఆ అక్షరాల మీద ఉంచి, వాటికి తగలకుండా గాలిలోనే కుడి నుంచి ఎడమకు జరిపింది.

“యే మేరే అబ్బా కా హాత్ హై,” అన్నది చాలా మెల్లగా.

వాళ్ళ నాన్న చేతిరాత అది. తల్లి ఆమె పుట్టిన నెలలోనే పోయింది. నాన్న ఆమె నాలుగో ఏట పోయాడు. మేనమామ ఇంట పెరిగింది. తండ్రి రాసినదేదీ, ఒక్క ఉత్తరం ముక్క కూడా, అంతకు ముందు ఆమె కంట పడలేదు. లోపలికి వెళ్ళి కుండలోంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగింది. మొదటి నుంచి మళ్ళీ, ఈసారి నాకు తెలుగులో చెబుతూ, చదివింది.

శుక్రవారం తెల్లవారు నమాజు వేళ ఈ ఇంట్లో ఆడబిడ్డ పుట్టింది. దాయీ, అంటే మంత్రసాని, తన పద్దెనిమిది రోజుల మగపిల్లవాడిని గుడ్డలో కట్టుకుని వచ్చి కాన్పు చేసింది. అని రాసి, తారీఖు వేసి ఉంది. దాని కింద, అదే చేతితో, నలభై రోజుల తర్వాత రాసిన మరో నాలుగు వరుసలు. పిల్ల తల్లి కాన్పు నాటి జ్వరంతోనే పోయింది. దాయీ తన కొడుకుతో పాటు నా కూతురికీ ఈ నలభై రోజులూ పాలిచ్చి బతికించింది. ఇక నుంచి ఆ పిల్లవాడు నా కూతురికి పాలు పంచుకున్న అన్న. ఈ చుట్టరికం ఎవరూ మరిచిపోకూడదని రాస్తున్నాను.

ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు తోడబుట్టినవాళ్ళతో సమానమని వాళ్ళ ధర్మం. అందుకే ఆ తండ్రి అంత వివరంగా, రోజులు కూడా లెక్కపెట్టి రాశాడు. నాయనమ్మకు ఉన్న బిడ్డ ఒక్కడే. ఆ పద్దెనిమిది రోజుల పిల్లవాడు మా బాపు.

ఉస్తానీమా దిద్దుతున్న నోటుబుక్కులు అక్కడే వదిలేసి, బురఖా వేసుకుని, నాతో పాటు నడిచి మా ఇంటికి వచ్చింది. బాపు గుమ్మం దగ్గర సైకిల్ చెయిన్‌కు నూనె వేస్తున్నాడు. ఆమెను చూసి చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన ముఖాన్ని కాసేపు చూసింది.

“పద్దెనిమిది రోజులు పెద్దోనివి భాయ్. సలాం నేనే పెట్టాలె,” అన్నది.

కితాబు తెరిచి మొత్తం మళ్ళీ చదివి వినిపించింది. బాపు అరుగు మీద కూర్చున్నాడు. తను చిన్నగా ఉన్నప్పుడు, ప్రతి రంజాన్ పండుగకూ వాళ్ళమ్మ తనను ఒక పెద్ద దర్వాజా ఉన్న ఇంటికి తీసుకుపోయేదనీ, అక్కడ ఒక చిన్నపిల్ల పక్కన కూర్చోబెట్టి పాయసం పెట్టేవాళ్ళనీ, అది పండుగ ఇనాము అనుకునేవాడిననీ, పాల సంగతి వాళ్ళమ్మ ఎన్నడూ అనలేదనీ చెప్పాడు. ఉస్తానీమాకు ఆ దర్వాజా గుర్తుంది, పిల్లవాడు గుర్తులేడు. ఆ పూట ఆమె మా ఇంట్లోనే భోజనం చేసింది. ఆఫీసు సంగతి ఎత్తింది కూడా ఆమే. తన మెట్రిక్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉంది. కితాబులో తేదీ దానితో సరిపోతే, ఇక బాపు తేదీకి వెనక్కి పద్దెనిమిది రోజులు ఎంచుకోవడమే.

మరుసటి వారం ముగ్గురం కంచన్‌బాగ్ వెళ్ళాం. బాపు కాగితాలు చూసే ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినాయన. కోపిష్ఠి కాదు గాని ఏదీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. బురఖాలో ఉన్న ఉస్తానీమాను, నుదుట బొట్టున్న బాపును చూసి, ఆమె ఎవరని అడిగాడు.

“నేను ఈయన చెల్లెను,” అన్నది ఉస్తానీమా.

ఆయన కలం కింద పెట్టాడు. ఆమె కుర్చీలో కూర్చుని, తరగతిలో పాఠం చెప్పినట్టు తొందర లేకుండా అంతా చెప్పింది. కితాబు తెరిచింది. పక్కన తన సర్టిఫికెట్ పెట్టింది. ఆయనకు ఉర్దూ రాదు. ఆమె చదివితే నమ్మడం ఎలాగని అనుకున్నాడేమో, రికార్డు గదిలోంచి ఒక ముసలి గుమాస్తాను పిలిపించి, మా అందరినీ మాట్లాడవద్దని చెప్పి, ఆయనచేత చదివించాడు. గుమాస్తా ఉస్తానీమా చెప్పినట్టే అక్షరం పొల్లు పోకుండా చదివాడు. కితాబులో ఆ తారీఖు నైజాం సర్కారు వాడిన ఫసలీ లెక్కలో ఉంది. ఆ కాలపు రిజిస్టర్లలోనూ అంతే కాబట్టి వాటిని ఇంగ్లీషు తేదీలలోకి మార్చే పాత పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉంది. తేదీ కట్టి ఒక చీటీ మీద రాశాడు. సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ అదే.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆఫీసరు మాత్రం ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.

“ఒక్క పేజీ సరిపోదండీ. రేపు పైవాళ్ళు నన్ను అడుగుతారు, ఈ పుస్తకం మొన్న కూర్చుని రాసింది కాదని ఎలా చెప్పావయ్యా అని.”

నాకు ఎక్కడ నుంచి వచ్చిందో ధైర్యం, అనేశాను. ఇందులో ఎన్ని చేతిరాతలు ఉన్నాయో చూడమన్నాను. ఎన్ని భాషలు, ఎన్ని సిరాలు. ఏ ఇంట్లో పుట్టిన బిడ్డ గురించి ఆ ఇంటివాళ్ళే రాశారు. ఇవన్నీ రాయాలంటే మేము ఎంతమందిని కూడగట్టుకోవాలి అన్నాను. ఆయన నా వైపు చూసి, మళ్ళీ పేజీల వైపు చూశాడు. తర్వాత ఆయన చేసిన పని నేను ఊహించనిది. ఛత్రినాక, శాలిబండ, గౌలిపురాలలో పుట్టి, బడి సర్టిఫికెట్ ఇచ్చి నౌకరీలో చేరిన వాళ్ళ ఫైళ్ళు ఉంటే తెమ్మని గుమాస్తాను పంపాడు.

మూడు ఫైళ్ళు వచ్చాయి. ఆయన వాటిని మాకు చూపించలేదు. తండ్రి పేరు, ఏడాది మాత్రం గుమాస్తాకు చెప్పి కితాబులో వెతకమన్నాడు. మొదటి పేరు దొరకలేదు. బాపు చేతులు మోకాళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాడు. రెండోది తెలుగులో దొరికింది. గుమాస్తా తేదీ చదివాడు. ఆఫీసరు ఫైలులో చూసుకుని మూడో పేరు చెప్పాడు. అది ఆ ఏడాది ఉర్దూ, తెలుగు పేజీల్లో లేదు, మిగిలింది మరాఠీ పేజీలే. వాటిని చదవడానికి పక్క సెక్షన్ నుంచి ఇంకొకాయనను పిలవాల్సి వచ్చింది. అప్పటికి తలుపు దగ్గర నలుగురైదుగురు గుమిగూడారు. మరాఠీ ఆయన పేరు వెతికి తేదీ చదివాడు. ఆఫీసరు రెండు ఫైళ్ళూ మూసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

“రెండూ రోజుతో సహా సరిపోయాయి. కాదనడానికి నాకు కారణం కనబడటం లేదండీ. నేను పైకి రాస్తాను.”

తలుపు దగ్గరున్న వాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు తలెత్తేసరికి అందరూ సర్దుకున్నారు గాని, ఆయన కూడా నవ్వును ఆపుకుంటున్నట్టే కనిపించింది. బయటికి వచ్చాక బాపు సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, ఎటువైపు వెళ్ళాలో మరిచిపోయిన మనిషిలా కాసేపు ఉండిపోయాడు. ఉస్తానీమా ఆయన మోచేయి పట్టుకుని గేటు వైపు నడిపించింది.

పైనుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మేము పైకి మామూలుగానే ఉన్నాం. అమ్మ ఒక్కతే ప్రతి సాయంత్రం బాపు సైకిల్ బెల్లు వినగానే వంటింట్లోంచి బయటికి వచ్చి ఆయన ముఖం చూసి మళ్ళీ లోపలికి పోయేది. జనవరిలో ఒక రోజు బెల్లు గల్లీ మొదట్లో మొదలై మా ఇంటి దాకా ఆగలేదు. ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. పుట్టిన తేదీ దిద్దినారు, నౌకరీ ఇంకా అయిదేళ్ళుంది. బాపు నమ్మలేక ఆ తేదీ మీద నా వేలు పెట్టించి ఇంకోసారి చదవమన్నాడు. అమ్మ కళ్ళొత్తుకుంటూనే పొరుగింటికి చక్కెర కోసం పరిగెత్తింది.

సంగతి ఆ రాత్రికే గల్లీలన్నిటికీ పాకింది. ఆ తర్వాత ఆదివారాలు మా అరుగు ఖాళీగా ఉండేది కాదు. నా పుట్టుక చూడమ్మా అని ఒకరు, మా అన్నది చూడు బిడ్డా అని ఒకరు. ఒక రైల్వే కూలీ వచ్చాడు, పెళ్ళి సంబంధం చూడటానికి పెద్ద మనవరాలి తేదీ కోసం ఒక అవ్వ వచ్చింది, తన వయసు ఎంతో ఊరికే తెలుసుకోవాలని ఒక ముసలాయన వచ్చాడు. ఉస్తానీమా ఉర్దూ చదివేది, నేను తెలుగులో నకలు రాసి ఇచ్చేదాన్ని. కొందరి పేజీలు దొరికేవి, కొందరివి దొరికేవి కావు. దొరికినవాళ్ళు, చదవడం వచ్చినా రాకపోయినా, తమ పేజీని చేత్తో ముట్టుకోకుండా వెళ్ళేవాళ్ళు కారు. ఇరవై రూపాయల అట్ట ఎవరికీ గుర్తు కూడా లేదు.

బాపు ఒకరోజు బ్లేడు తెచ్చి, ఉస్తానీమా వాళ్ళ నాన్న రాసిన పేజీ కోసి ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్క పేజీ తీస్తే తక్కినయి ఎవలు నమ్ముతరు భాయ్? గది గక్కడనే ఉండాలె.”

దానికి బదులు శాలిబండ చౌరస్తాలో ఉన్న ఫోటో స్టుడియోకు వెళ్ళి ఆ పేజీని ఫోటో తీయిద్దామన్నది. ముగ్గురం వెళ్ళాం. స్టుడియో అతను పేజీని గోడకు ఆనించి రెండు లైట్లు పెట్టి తీశాడు. పని అయ్యాక, ఎలాగూ వచ్చారు, మీరిద్దరూ కూడా దిగండి అన్నాడు. కొండలూ చెరువూ గీసిన తెర ముందు రెండు కుర్చీలు వేశాడు. బాపు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో, ఉస్తానీమా ముఖం మీది ముసుగు వెనక్కి వేసుకుని, కితాబు చెరో సగం ఒళ్ళోకి వచ్చేలా తెరిచి పట్టుకుని కూర్చున్నారు. కాస్త నవ్వండి అని స్టుడియో అతను ఎంత బతిమాలినా ఇద్దరూ వినలేదు. ఆఫీసుకు ఇచ్చే ఫోటోకు కూర్చున్నట్టు మెడలు నిలబెట్టి, కెమెరా కళ్ళలోకి సూటిగా చూశారు.